సంపాదన కోల్‌కతాలో, జమ సొంతూళ్లో

కూలీగా వచ్చి, సైనికుడిగా వెళ్లి, బొగ్గు వ్యాపారిగా ఎదిగిన రణదాప్రసాద్ సాహా తన ఆస్తినంతా జనం ఖాతాలో వేశారు. 1971లో ఆయన్ను చంపినవారు ఆ ఖాతాను మాత్రం మూసేయలేకపోయారు.

కోల్‌కతాలోని కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలు దాటి కాలేజ్ స్క్వేర్ చెరువు వైపు వస్తే ఓ యుద్ధ స్మారకం కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు వదిలిన 49వ బెంగాలీ పటాలం సైనికుల పేర్లు దాని మీద ఉన్నాయి. బతికి తిరిగొచ్చినవారికి సహజంగానే అందులో చోటు లేదు. అలా తిరిగొచ్చిన వారిలో ఒకరి పేరు బెంగాల్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఆయన కవి కాజీ నజ్రుల్ ఇస్లాం. మరొకరి పేరు సరిహద్దుకు అవతల, బంగ్లాదేశ్‌లో మారుమోగుతుంది కానీ, ఆయన్ను మనిషిని చేసి, డబ్బు చూపించిన కోల్‌కతాలో పెద్దగా వినిపించదు. ఆయనే రణదాప్రసాద్ సాహా. అక్కడివాళ్లు ఆయన్ను పిలిచే పేరు 'దానవీర్'. తెలుగువాళ్లకు ఆ మాట వినగానే కర్ణుడు గుర్తుకొస్తాడు. అయితే సాహా కథలో దానం కన్నా ఆసక్తికరమైనది ఆయన లెక్క. డబ్బును తన చేతికి, తన వారసుల చేతికి అందనంత దూరంలో పెట్టి, దాంతోనే పని చేయించిన తీరు.

ఆ కుటుంబం ఇంటిపేర్లలో ఒకటి పొద్దార్. నాణేలు పరీక్షించి, డబ్బు లావాదేవీలు నడిపేవారికి ఒకప్పుడున్న పేరది. తండ్రి దేవేంద్రనాథ్ దస్తావేజులు రాస్తూ, చిన్నపాటి వడ్డీ వ్యాపారం చేసేవారు. టాంగాయిల్ ప్రాంతంలోని మీర్జాపూర్ వారి ఊరు. రణదాప్రసాద్ 1896లో ఢాకా దగ్గర సావర్ ప్రాంతంలో, తల్లి పుట్టింట పుట్టారు. ఏడేళ్ల వయసులో తల్లి కుముదిని పురిటిలో ధనుర్వాతం వచ్చి చనిపోయింది. వైద్యుడు లేడు, మందు లేదు. పురిటి గదిలోకి ఎవరూ వెళ్లకూడదన్న ఆచారం మాత్రం ఉంది. ఆ రోజుల్లో బెంగాల్ పల్లెల్లోనే కాదు, మన పల్లెల్లోనూ ఇలాంటి చావులను విధిరాతగానే భావించేవారు. ఆ పిల్లవాడు మాత్రం అలా భావించలేదని తర్వాత తేలింది.

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇంట్లో ఇమడలేని కుర్రాడు పదహారేళ్లయినా నిండకుండానే పారిపోయి కోల్‌కతా చేరాడు. మూటలు మోశాడు, రిక్షా లాగాడు, వీధుల్లో తిరిగి సరుకులు అమ్మాడు. స్వదేశీ ఉద్యమం వేడిలో రాజకీయాల్లో తలదూర్చి జైలుకూ వెళ్లాడు. బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా జైలుకెళ్లిన ఆ యువకుడే కొన్నేళ్లకు అదే ప్రభుత్వం తరఫున యుద్ధానికి బయల్దేరాడు.

యుద్ధానికి పనికిరానివారు

దీన్ని అర్థం చేసుకోవాలంటే అప్పటి సైనిక విధానం తెలియాలి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పాలకులు భారతీయులను 'యుద్ధ జాతులు', 'యుద్ధానికి పనికిరాని జాతులు' అని విడదీశారు. బెంగాలీలు రెండో జాబితాలో పడ్డారు. తెలుగువారి గతీ అంతే. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో వేల సంఖ్యలో ఉన్న తెలుగు సిపాయిలకు 19వ శతాబ్దం చివరికి తలుపులు దాదాపు మూసుకుపోయాయి. 1914లో యుద్ధం మొదలై మనుషులు చాలకపోయేసరికి ఆ జాబితాలు పక్కకెళ్లాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో 'మిలటరీ మాధవరం'గా పేరుపడ్డ ఊరు నుంచి 90 మంది వెళ్లింది ఈ యుద్ధానికే. బెంగాల్లోనైతే సైన్యంలో చేరడమంటే పిరికివాళ్లమన్న నిందను చెరిపేసుకోవడం కూడా. అందుకే జాతీయవాద నాయకులు సైతం యువకులను చేరమని ప్రోత్సహించారు.

1915లో బెంగాల్ అంబులెన్స్ కోర్ ఏర్పడింది. తుపాకులిచ్చేంత నమ్మకం ఇంకా కుదరలేదు కనుక స్ట్రెచర్లు ఇచ్చారు. రణదాప్రసాద్ అందులో చేరి మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు వెళ్లారు. టైగ్రిస్ నది వెంట సాగిన ఆ యుద్ధంలో శత్రువు తూటాలకు ఎంతమంది పోయారో వ్యాధులకూ, వైద్యం అందకా అంతమంది పోయారు. గాయపడ్డవారిని తరలించడానికి పడవలు చాలక, మందులు చాలక సైనికులు నానా అవస్థలు పడ్డారు. దీనిపై బ్రిటన్ విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. అక్కడ ఓ సైనిక ఆసుపత్రికి నిప్పంటుకున్నప్పుడు రణదాప్రసాద్ మంటల్లోకి దూరి రోగులను బయటికి తెచ్చారు. ఆ సాహసం పై అధికారుల దృష్టిలో పడింది. తర్వాత ఆయన 49వ బెంగాలీ పటాలంలో చేరారు. నజ్రుల్‌ ఇస్లాంతో పరిచయం ఆ రోజుల్లోనిదే. యుద్ధం ముగిశాక ఇంగ్లండు వెళ్లిన భారత సైనికుల బృందంలోనూ ఆయన ఉన్నారు.

1920లో పటాలాన్ని రద్దు చేశారు. అవసరం తీరింది, జాబితాలు మళ్లీ బయటికొచ్చాయి. తిరిగొచ్చినవారికి ప్రభుత్వం చిన్నా చితకా ఉద్యోగాలు చూపించింది. రణదాప్రసాద్‌కు దక్కింది రైల్వేలో టికెట్ కలెక్టర్ కొలువు.

బొగ్గు, ఉప్పు, ఓడ

1932లో ఆ ఉద్యోగం పోయింది. చేతికొచ్చిన కాస్త సొమ్ముతో ఆయన కోల్‌కతాలో ఉప్పు, బొగ్గు వ్యాపారం మొదలుపెట్టారు. అప్పుడు ఆయన వయసు 36. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న కాలం. అయితే ఆనాటి కోల్‌కతా నడిచింది బొగ్గు మీదే. ఇళ్లలో పొయ్యిలు, హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులు, నదుల్లో స్టీమర్లు అన్నిటికీ అదే ఇంధనం. మొదట ఇళ్లకు బొగ్గు చేరవేసిన మనిషి కొన్నేళ్లకే పెద్ద సరఫరాదారు అయ్యారు.

బొగ్గు నుంచి ఓడకు దారి దగ్గరే. తూర్పు బెంగాల్లో రోడ్ల కన్నా నదులే ఎక్కువ, స్టీమర్లకు బొగ్గు కావాలి. బొగ్గు అమ్మే వ్యాపారికి ఎవరి ఓడ ఎంత తిరుగుతోంది, ఎవరు బాకీ కట్టగలరు, ఎవరు మునిగిపోతున్నారు అన్నది అందరికన్నా ముందే తెలుస్తుంది. రణదాప్రసాద్ ఓ లాంచీతో మొదలుపెట్టి 'బెంగాల్ రివర్ సర్వీస్' అనే నౌకా రవాణా కంపెనీలోకి వెళ్లారు. ఆ కంపెనీ భాగస్వాముల్లో తర్వాత పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అయిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్, బీమా రంగంలో పేరు మోసిన నళినీ రంజన్ సర్కార్ వంటివారు ఉన్నారు. రిక్షా లాగిన ఊళ్లోనే ఆయన ఇలాంటి వారి పక్కన కూర్చోగలిగారు. ఆ తర్వాత జనపనార బేళ్లు కట్టే వ్యాపారం, నారాయణ్‌గంజ్, మైమన్‌సింగ్, కొమిల్లాల్లో విద్యుత్ కేంద్రాలు ఆయన చేతికొచ్చాయి.

డబ్బు వచ్చాక చేసిన మొదటి పెద్ద పని కోల్‌కతాలో మేడ కట్టడం కాదు. 1938లో మీర్జాపూర్‌లో లౌహజంగ్ నది ఒడ్డున తల్లి పేరుతో ఆసుపత్రికి పునాది వేశారు.

గంజి లెక్కలు

ఆ ఆసుపత్రి లేచేలోగా బెంగాల్ మీద కరువు విరుచుకుపడింది. 1943 కరువులో చనిపోయినవారు 15 లక్షల మంది అని అప్పటి విచారణ సంఘం తేల్చింది. 30 లక్షల వరకూ ఉండొచ్చని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. జపాన్ బర్మాను ఆక్రమించడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదంటూ బ్రిటిష్ ప్రభుత్వం తీర ప్రాంతాల్లో ధాన్యాన్ని, వేల పడవలను స్వాధీనం చేసుకుంది. పడవ పోతే బెంగాల్ పల్లెలో చేపా లేదు, సంతా లేదు. పల్లెలు ఖాళీ అయి కోల్‌కతా వీధుల్లో కుప్పకూలాయి. జనం అన్నం అడగడం మానేసి ఇంటింటి ముందు గంజి నీళ్లు అడుక్కున్నారు.

రణదాప్రసాద్ ఎనిమిది నెలల పాటు 275 గంజి కేంద్రాలు నడిపించారు. 1944లో రెడ్ క్రాస్‌కు రెండున్నర లక్షల రూపాయలిచ్చారు. ఆనాటి విలువలో అది అసాధారణమైన మొత్తం.

ఇక్కడే ఆయన జీవితంలోని అతి కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. కరువు కాలంలో ప్రభుత్వం కోసం ధాన్యం సేకరించిన ఏజెంట్లలో ఆయనా ఒకరు. సేకరణ విధానంపై, ఏజెంట్లపై ఆ రోజుల్లోనే తీవ్ర విమర్శలు వచ్చాయి. సైన్యానికి, నగరానికి, కార్ఖానాలకు ధాన్యం చేర్చే క్రమంలో పల్లె ఎండిపోయిందని చరిత్రకారులు రాశారు. ఆ వ్యవస్థలో కమీషన్ పుచ్చుకున్న వ్యక్తి, ఆ వ్యవస్థ రోడ్డున పడేసినవారికి గంజి పోసిన వ్యక్తి ఒకరే. ఆయన్ను పొగిడేవారు మొదటి విషయాన్ని దాటేస్తారు. అలా దాటేస్తే తర్వాత ఆయన వేసిన అడుగు బరువు తెలియదు. యుద్ధ కాలంలో బెంగాల్లో సంపాదించినవారు చాలామందే ఉన్నారు. సంపాదించింది తమది కాదన్నట్టు రాసిచ్చేసినవారు అరుదు.

1944 జులై 27న బెంగాల్ గవర్నర్ ఆర్.జి. కేసీ మీర్జాపూర్ వెళ్లి కుముదిని ఆసుపత్రిని ప్రారంభించారు. మొదట ఉన్నవి 20 పడకలు. టాంగాయిల్‌లో తల్లి పేరుతో మహిళా కళాశాల, మాణిక్‌గంజ్‌లో తండ్రి పేరుతో దేవేంద్ర కళాశాల వెలిశాయి. 1945లో మీర్జాపూర్‌లో ఆడపిల్లలకు గురుకుల పాఠశాల భారతేశ్వరి హోమ్స్ వచ్చింది. ఇంటి పెద్దావిడ పేరు దానికి పెట్టారు.

తాళం చెవి అవతల పారేసిన పెట్టె

1947లో కుముదిని వెల్ఫేర్ ట్రస్టు ఏర్పడింది. రణదాప్రసాద్ తన వ్యాపారాలను దానికి అప్పగించారు. చందాలు పోగేసి ఆసుపత్రి నడిపే ట్రస్టులు చాలా ఉంటాయి. ఇది అలాంటిది కాదు. జనపనార వ్యాపారం, నదీ రవాణా వంటి లాభసాటి వ్యాపారాలు ట్రస్టువి. వాటి మిగులుతోనే ఆసుపత్రి, బడి నడవాలి. వ్యాపారి ఎప్పటిలాగే వ్యాపారం చేస్తాడు, కానీ యజమాని కాడు. వారసులకు బాధ్యతలుంటాయి, వాటాలుండవు.

మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. తూర్పు గోదావరి తీరం నుంచి రంగూన్ వెళ్లి సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మాదాయానికి రాసిచ్చారు. కాకినాడలోని ఎం.ఎస్.ఎన్. చారిటీస్ విద్యాసంస్థలు ఆ వీలునామా ఫలమే. తేడా ఏమిటంటే నాయకర్ ఆస్తి ఆయన తర్వాత ధర్మానికి వెళ్లింది. సాహా బతికుండగానే, వ్యాపారం మంచి ఊపులో ఉన్నప్పుడే రాసిచ్చేశారు.

అదే కాలంలో బెంగాల్లో జనం సొమ్ముతో నడిచిన బ్యాంకులకు ఏమైందో చూస్తే ఈ ఏర్పాటు విలువ ఇంకాస్త తెలుస్తుంది. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో తూర్పు బెంగాల్ పట్టణాల్లో న్యాయవాదులు, ఉపాధ్యాయులు కలిసి బ్యాంకులు పెట్టారు. 1914లో నరేంద్ర చంద్ర దత్తా స్థాపించిన కొమిల్లా బ్యాంకింగ్ కార్పొరేషన్ వాటిలో ప్రముఖం. మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టడం వెనుకా ఇదే ఆలోచన. తెల్లవారి బ్యాంకులు మన రైతుకు, చిన్న వర్తకుడికి అప్పివ్వవు కనుక మన బ్యాంకు మనం పెట్టుకోవాలి. కానీ దేశ విభజనతో బెంగాల్ బ్యాంకుల శాఖలు, బాకీదారులు ఒక దేశంలో, కేంద్ర కార్యాలయాలు మరో దేశంలో మిగిలాయి. చాలా చిన్న బ్యాంకులు కూలి, మధ్యతరగతి పొదుపు నీళ్లపాలైంది. నిలదొక్కుకున్న నాలుగు బ్యాంకులు 1950లో కలిసిపోయి యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజు ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి పేరు పోగొట్టుకుంది.

రణదాప్రసాద్ బ్యాంకు పెట్టలేదు. కానీ డబ్బు లావాదేవీల ఇంట్లో పుట్టినవాడిగా ఆయనకు ఒక విషయం స్పష్టంగా తెలిసినట్టుంది. సొమ్ము ఎవరి చేతిలో ఉందన్న దానికన్నా ఎవరి పేరున ఉందన్నదే కాలానికి నిలుస్తుంది.

అందరూ ఇటు, ఆయన అటు

1947లో తూర్పు బెంగాల్ హిందువుల్లో డబ్బున్నవారు, చదువుకున్నవారు ముందుగా కోల్‌కతా దారి పట్టారు. ఆస్తులు మార్పిడి చేసుకున్నారు, అయినకాడికి అమ్ముకున్నారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాలు కొన్నేళ్ల పాటు కాందిశీకుల ఇళ్లయ్యాయి. కోల్‌కతాలో పేరు, పరిచయాలు, వ్యాపారం అన్నీ ఉన్న రణదాప్రసాద్‌కు ఇటు ఉండిపోవడం అందరికన్నా తేలిక. ఆయన మీర్జాపూర్, నారాయణ్‌గంజ్‌లనే ఎంచుకున్నారు.

దానికి వ్యాపార కారణమూ లేకపోలేదు. జనపనార పంట ఎక్కువ భాగం తూర్పున, మిల్లులు దాదాపు అన్నీ పశ్చిమాన మిగిలాయి. అయినా ఒక్క జనపనార కోసమే ఆగిపోయినవారెవరూ 1950 అల్లర్ల తర్వాతా, 1964 అల్లర్ల తర్వాతా ఆగలేదు. 1965 యుద్ధ సమయంలో పాకిస్తాన్ తెచ్చిన 'శత్రు ఆస్తి' నిబంధనల కింద భారత్‌కు వెళ్లిపోయిన హిందువుల ఇళ్లు, పొలాలు ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. అప్పుడు కూడా ఆయన కదల్లేదు. ఆసుపత్రిని భుజాన వేసుకుని సరిహద్దు దాటడం కుదరదు.

ఆయన నాటకాల పిచ్చి ఆ రోజుల్లో మరో సంగతి చెబుతుంది. 1969లో, 73 ఏళ్ల వయసులో, మీర్జాపూర్ రంగస్థలం మీద క్షీరోద్ ప్రసాద్ రాసిన 'ఆలంగీర్' నాటకంలో ఔరంగజేబు వేషం తనే వేశారు. ఏటా దుర్గాపూజ ఘనంగా చేసే ఇంటి పెద్ద మొగల్ పాదుషాగా కిరీటం పెట్టుకుంటే ఊళ్లో హిందువులు, ముస్లింలు కలిసి కూర్చుని చూశారు. అలాంటి తూర్పు బెంగాల్ మీద ఆయనకున్న నమ్మకానికి మరో రెండేళ్లలో పరీక్ష వచ్చింది.

మే 7

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టింది. హిందువులు ప్రత్యేక లక్ష్యమయ్యారు. ఆ ఏడాది భారత్‌కు వచ్చిన కాందిశీకులు దాదాపు కోటి మంది. కోల్‌కతా శివారులోని సాల్ట్‌లేక్‌లో సిమెంటు గొట్టాల్లో సైతం కుటుంబాలు తలదాచుకున్నాయి. రణదాప్రసాద్ ఆ కోటి మందిలో లేరు.

ఏప్రిల్ చివర్లో సైన్యం ఆయన్ను, కొడుకు భవానీ ప్రసాద్‌ను పట్టుకెళ్లి కొన్నాళ్లకు వదిలిపెట్టింది. సరిహద్దు దాటడానికి అదే ఆఖరి అవకాశం. మే 7న మీర్జాపూర్‌లో, పక్క పల్లెల్లో సైనికులు, స్థానిక సహాయకులు ఊచకోత కోశారు. ఆ రాత్రే నారాయణ్‌గంజ్ నుంచి తండ్రీకొడుకులను తీసుకుపోయారు. వారు మళ్లీ కనిపించలేదు. మృతదేహాలూ దొరకలేదు. రణదాప్రసాద్‌కు అప్పటికి 74 ఏళ్లు. భవానీ ప్రసాద్ ఇంకా యువకుడు, పసిబిడ్డ తండ్రి.

1971 అంటే తెలుగువారికి విశాఖ బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం, విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తుకొస్తాయి. కోల్‌కతాలో ఏటా డిసెంబర్ 16న సైన్యం తూర్పు కమాండ్ విజయ దినోత్సవం జరుపుతుంది. గెలిచిన యుద్ధాల జ్ఞాపకాలు ఇలా భద్రంగా ఉంటాయి. రణదాప్రసాద్ లాంటివారు ఏ సైన్యం లెక్కలోకీ రారు. మొదటి యుద్ధంలో ఆయన సైనికుడు, చివరి యుద్ధంలో పౌరుడు. తుపాకీ పట్టిన యుద్ధం నుంచి బతికొచ్చి, ఆయుధం లేకుండా ఇంట్లో ఉన్న యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నారు.

న్యాయం జరగడానికి 48 ఏళ్లు పట్టింది. 2019 జూన్ 27న ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రైబ్యునల్ ఈ హత్యల కేసులో మహబూబుర్ రెహమాన్‌కు మరణశిక్ష విధించింది.

మిగిలిన లెక్క

యజమానిని, వారసుణ్ని ఒకే రాత్రి చంపేస్తే మామూలుగా ఆస్తి చెల్లాచెదురవుతుంది. అన్నదమ్ముల పిల్లలు కోర్టుకెక్కుతారు, భాగస్వాములు ఖాతాలు సర్దేసుకుంటారు. కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్‌లో యుద్ధం తర్వాతి అరాచకంలో అలా జరగడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. జరగలేదు. పంచుకోవడానికి ఎవరి పేరునా ఆస్తి లేదు. కుమార్తె జయా పతి ట్రస్టు బాధ్యతలు తీసుకున్నారు. భారతేశ్వరి హోమ్స్‌ను భాషోద్యమంలో పాల్గొన్న విద్యావేత్త ప్రతిభా ముత్సుద్ది ఏళ్ల తరబడి నడిపించారు. 1971లో పసివాడిగా ఉన్న మనవడు పెద్దయ్యాక ట్రస్టు నిర్వహణలోకి వచ్చాడు.

బంగ్లాదేశ్ ప్రభుత్వం 1978లో రణదాప్రసాద్‌కు మరణానంతరం స్వాధీనతా పురస్కారం ఇచ్చింది. 2020లో విద్యారంగంలో అదే పురస్కారం భారతేశ్వరి హోమ్స్‌కు దక్కింది. 20 పడకల ఆసుపత్రి వెయ్యికి పైగా పడకలకు పెరిగింది. 2001లో దానికి అనుబంధంగా మహిళా వైద్య కళాశాల మొదలైంది.

పెద్ద వ్యాపార సంస్థలు సామాజిక బాధ్యత కింద లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలని భారత్ 2013లో కంపెనీల చట్టంలో రాసుకుంది. ఆ రెండు శాతం దగ్గరే ఎన్నో వాదనలు, మినహాయింపులు. రణదాప్రసాద్ వదిలిపోయిన ప్రశ్న వేరు. మిగతా తొంభై ఎనిమిది శాతం ఎవరిది? ఆయనకు దొరికిన సమాధానం అందరికీ నచ్చాలని లేదు, అందరూ పాటించగలిగిందీ కాదు. కానీ ఆ సమాధానం మూడు జెండాల కింద, ఒక విభజనను, ఒక మారణకాండను దాటి పనిచేస్తోంది. ధనుర్వాతంతో ఓ తల్లి చనిపోయిన ఆ ప్రాంతంలో ఇవాళ పురిటి నొప్పులు మొదలైతే ఇంట్లోవాళ్లు తీసుకెళ్లే ఆసుపత్రి పేరు కుముదిని.